పిన్ను పట్టితే చాలదు: స్ప్రేయరుకు, ఫోనుకు సరైన ఛార్జరు ఎంచుకునే పద్ధతి

మందు కొట్టే పంపును ఒకప్పుడు చేత్తో ఆడించేవారు. ఇప్పుడు అరెకరం వంగ, బెండ వేసుకునే చిన్న రైతు ఇంట్లోనూ బ్యాటరీ స్ప్రేయరు కనిపిస్తోంది. అనకాపల్లి, చోడవరం, మాడుగుల ప్రాంతాల్లో ఏ ఊరికి వెళ్ళినా ఇదే పరిస్థితి. స్ప్రేయరుకు తోడు రాత్రి నీరు కట్టడానికి తలకు కట్టుకునే లైటు, టార్చి, ఇంటిల్లిపాదికీ ఫోన్లు, కొందరికి తూకం మిషను, కొండవారన పొలాలున్న వారికి పందుల కంచెకు ఝట్కా మిషను. ప్రతిదానికీ ఒక ఛార్జరు. అన్నీ ఒకే స్విచ్చుబోర్డు కింద చిక్కుపడి వేలాడుతుంటాయి.

ఏదో ఒకరోజు స్ప్రేయరు ఛార్జరు కాలిపోతుంది, లేదా ఎలుక తీగ కొరికేస్తుంది. పొలంలో పురుగు ఉధృతంగా ఉంటుంది. ఇంట్లో ఉన్నవాటిలో ఏ పిన్ను పడితే అది గుచ్చి చూస్తారు. ఎర్రలైటు వెలుగుతుంది. "పిన్ను పట్టింది గదా, ఇంకేటి?" అని వదిలేస్తారు. రెండు మూడేళ్ళు రావలసిన బ్యాటరీ ఒక్క పంటకే చచ్చిపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. కంపెనీ బ్యాటరీ మంచిది కాదని తిట్టుకోవడం మాత్రం మామూలే.

ఎరువు బస్తా మీద 28-28-0 అని ఉందో, 17-17-17 అని ఉందో చూడకుండా ఏ రైతూ కొనడు. సంచీ ఒకేలా ఉంది కదా అని తెచ్చుకోడు. చెరకు విత్తనం కూడా 87ఏ298 అని నంబరు అడిగి మరీ తెచ్చుకుంటాడు. ఛార్జరు మీదా అలాంటి నంబర్లే ఉంటాయి. అక్షరాలు చిన్నవి, ఇంగ్లీషులో ఉంటాయి, అంతే తేడా. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే ఒకసారి చదివించుకోవచ్చు.

అడాప్టరు వేరు, ఛార్జరు వేరు

అన్నిటికంటే ముందు తెలుసుకోవలసిన సంగతి ఇది. గోడ ప్లగ్గులో పెట్టేదాన్నల్లా మనం ఛార్జరు అంటాం. నిజానికి అందులో రెండు జాతులున్నాయి.

మొదటిది అడాప్టరు. 230 వోల్టుల ఇంటి కరెంటును 5 వోల్టులకో 12 వోల్టులకో తగ్గించి నిలకడగా ఇవ్వడమే దాని పని. టీవీ సెట్‌టాప్ బాక్సుకు, వైఫై పెట్టెకు వచ్చేవి ఈ జాతివి. ఫోను ఛార్జరు అని మనం అనేది కూడా అడాప్టరే. బ్యాటరీకి ఎంత కరెంటు ఎక్కించాలి, ఎప్పుడు ఆపాలి అనే లెక్క చూసే భాగం ఫోను లోపలే ఉంటుంది.

రెండోది అసలు ఛార్జరు. స్ప్రేయరుకు ఇచ్చేది ఇదే. చాలా స్ప్రేయర్లలో ఛార్జింగ్ రంధ్రం నుంచి తీగలు సూటిగా బ్యాటరీకి వెళ్తాయి. మధ్యలో లెక్క చూసేది ఏదీ ఉండదు. ఎంత ఎక్కించాలో, ఎక్కడ ఆపాలో గోడకున్న ఛార్జరే చూసుకోవాలి. కనుక ఫోను విషయంలో ఛార్జరు కాస్త అటూ ఇటూ అయినా ఫోను తనను తాను కాపాడుకుంటుంది. స్ప్రేయరు బ్యాటరీకి ఆ తెలివి లేదు. ఏది పెడితే అది తాగుతుంది.

ఇక్కడే చాలామంది దెబ్బ తింటారు. సెట్‌టాప్ బాక్సు అడాప్టరు మీద 12 వోల్టులు అని ఉంటుంది. స్ప్రేయరు బ్యాటరీ మీదా 12 వోల్టులనే ఉంటుంది. పిన్ను కూడా తరచూ ఒకటే సైజు. నంబరు కలిసింది, పిన్ను కలిసింది, ఇక భయమేమిటి అనిపిస్తుంది. కాని 12 వోల్టుల సీసం బ్యాటరీ నిండడానికి 12 వోల్టులు చాలవు. నిండిన బ్యాటరీయే తీరుబడిగా ఉన్నప్పుడు 12.7 వోల్టుల దాకా చూపిస్తుంది. దాన్ని నింపాలంటే ఛార్జరు 14.4 వోల్టుల దాకా తోయాలి. చెరువులో నీటిమట్టం కంటే కాలువ ఎత్తున ఉంటేనే కదా చెరువులోకి నీరు పారేది! 12 వోల్టుల అడాప్టరుతో రాత్రంతా పెట్టినా బ్యాటరీ అడుగు తడుస్తుందే గాని నిండదు. పొద్దున్న రెండు ట్యాంకులు కొట్టేసరికి మోటారు మూలుగుతుంది.

తిరగేసి పెట్టినా ప్రమాదమే. స్ప్రేయరు ఛార్జరును తీసి వైఫై పెట్టెకు తగిలిస్తే 12 వోల్టులు కోరే చోట 14 దాటిన వోల్టులు వెళ్తాయి. కొన్ని తట్టుకుంటాయి, కొన్ని మాడిపోతాయి.

లేబులు ఎలా చదవాలి

లేబులు మీద ఇన్‌పుట్, అవుట్‌పుట్ అని రెండు వరుసలుంటాయి. ఇన్‌పుట్ అంటే గోడ నుంచి తీసుకునేది. అక్కడ 100 నుంచి 240 దాకా అని ఉంటే మంచిది. రాత్రి పూట లైను చివరి ఊళ్ళలో వోల్టేజి పడిపోయినా అది పనిచేస్తుంది. 220 నుంచి 240 అని మాత్రమే ఉన్నవి తక్కువ వోల్టేజిలో మొరాయించవచ్చు.

అవుట్‌పుట్ అంటే మన వస్తువుకు ఇచ్చేది. అక్కడ ముందు వోల్టులు, తర్వాత ఆంపియర్లు ఉంటాయి. ఆంపియర్లనే మనవాళ్ళు ఆంపులంటారు. ఎమ్‌ఏ అని ఉంటే వెయ్యితో భాగించాలి. 500 ఎమ్‌ఏ అంటే అర ఆంపు. వోల్టుల పక్కన ఒక గుర్తు కూడా ఉంటుంది. పైన నిండు గీత, దాని కింద ముక్కలు ముక్కలుగా మరో గీత ఉంటే అది డీసీ. పాము మెలికలా ఒకే గీత ఉంటే ఏసీ. బ్యాటరీకి సంబంధించిన దేనికైనా డీసీయే కావాలి. పాతకాలం అడాప్టర్లలో ఏసీ ఇచ్చేవి కొన్ని ఇంకా అటకల మీద ఉన్నాయి. వాటిని బ్యాటరీ దరికి రానివ్వకూడదు.

అడాప్టరు జాతి వస్తువులకు సూత్రం తేలిక. వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి. ఆంపులు అంతే ఉండాలి, లేదా ఎక్కువ ఉండాలి. తూకం మిషను 9 వోల్టులు, అర ఆంపు అడిగితే 9 వోల్టులు, 2 ఆంపుల అడాప్టరు నిక్షేపంగా పెట్టుకోవచ్చు. 2 ఆంపులు ఉన్నాయని బలవంతంగా తోసెయ్యదు, మిషను లాక్కున్నంతే ఇస్తుంది. కుండ పెద్దదైనంత మాత్రాన చెంబులో పట్టేది చెంబుడే. తక్కువ ఆంపులది పెడితే మాత్రం అడాప్టరు వేడెక్కి, కొన్నాళ్ళకు కరిగిపోతుంది.

బరువైన ఇటుక లాంటి పాత అడాప్టర్లతో ఇంకో చిక్కుంది. వాటిలో రాగి తీగ చుట్టిన ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది. పైన 12 వోల్టులని రాసి ఉన్నా, బరువు పడనప్పుడు 16, 17 వోల్టులు కూడా ఇస్తాయి. తేలికగా ఉండే కొత్తరకం అడాప్టర్లకు ఈ దోషం లేదు.

పిన్ను సంగతి

గుండ్రటి గొట్టం పిన్నుల్లో బయటి కొలత 5.5 మిల్లీమీటర్లున్నవి ఎక్కువ. లోపలి రంధ్రం మాత్రం 2.1 అని, 2.5 అని రెండు సైజులు. 2.5 రంధ్రం ఉన్న పిన్ను 2.1 సాకెట్లోకి దూరుతుంది. కాని లోపల వదులుగా ఉండి తగిలీ తగలనట్టు ఉంటుంది. చేత్తో కదిపితే లైటు వెలగడం, వదిలితే ఆరిపోవడం దీని లక్షణం. అలాంటి చోట నిప్పురవ్వ వస్తుంది, సాకెట్టు మాడుతుంది. అట్టముక్క దోపి బిగించడం మందు కాదు. రెండో సైజు పిన్ను వేయించుకోవాలి.

ప్లస్ మైనస్ మరీ ముఖ్యం. లేబులు మీద మధ్యలో చుక్క, దాని చుట్టూ అర్ధచంద్రం లాంటి గీత ఉన్న చిన్న బొమ్మ ఉంటుంది. చుక్క నుంచి వచ్చిన గీత కొసన ప్లస్ ఉంటే పిన్ను లోపల ప్లస్, బయట మైనస్ అన్నమాట. ఎక్కువ వస్తువులు ఇలాగే ఉంటాయి, అన్నీ కాదు. వస్తువు మీది బొమ్మ, ఛార్జరు మీది బొమ్మ ఒకటై ఉండాలి. తిరగబడితే ఒక్క క్షణంలో పని ముగుస్తుంది.

కొన్ని స్ప్రేయర్లకు బిగించే మూడు పిన్నుల గుండ్రటి సాకెట్టు ఉంటుంది. ఎలక్ట్రిక్ స్కూటర్లకు, సైకిళ్ళకు కూడా చూడటానికి అలాంటిదే ఉండవచ్చు. స్కూటరు ఛార్జరు 48 వోల్టులదో 60 వోల్టులదో అయి ఉంటుంది. పిల్లలు ఆటగా అయినా దాన్ని స్ప్రేయరుకు తగిలించకుండా రెండింటినీ వేరు వేరు చోట్ల పెట్టుకోవాలి.

స్ప్రేయరు బ్యాటరీ సీసానిదా, లిథియమా?

ఇదే ఈ వ్యాసంలో అసలు సంగతి. రైతులు నిదానంగా చదవాలి.

స్ప్రేయర్లతో మామూలుగా వచ్చేది సీసం బ్యాటరీ. మూతలు తీసి నీరు పోసే అవసరం లేని రకం. 12 వోల్టులు, 8 ఏహెచ్ అని గాని, 12 ఏహెచ్ అని గాని ఉంటుంది. 8 ఏహెచ్‌ది రెండు కిలోలకు పైనే తూగుతుంది. నిండు ట్యాంకుతో పాటు ఆ బరువు కూడా వీపున మోయాలి. అందుకని ఈ మధ్య బ్యాటరీ పోయినప్పుడు తేలిగ్గా ఉంటుందని లిథియం బ్యాటరీ వేయించుకుంటున్నారు. బరువు సగానికి సగం తగ్గుతుంది. మంచిదే. కాని బ్యాటరీ మారింది, ఛార్జరు మారలేదు. ప్రమాదం అక్కడుంది.

సీసం బ్యాటరీ ఛార్జరు 14.4 వోల్టులు, కొన్ని 14.7 దాకా తోస్తాయి. లిథియంలో మళ్ళీ రెండు రకాలు. బ్యాటరీ మీద 11.1 వోల్టులని ఉంటే (కొన్నిటి మీద 10.8 అని ఉంటుంది) అందులో మూడు గదులున్నట్టు. అది 12.6 వోల్టులకు నిండుతుంది. అంతకు మించి ఎక్కించకూడదు. 12.8 వోల్టులని ఉంటే లిథియం ఫాస్ఫేటు రకం, నాలుగు గదులు. అది 14.6 వోల్టులకు నిండుతుంది.

12.6 దగ్గర ఆగవలసిన బ్యాటరీకి పాత సీసం ఛార్జరు పెడితే అది 14.4 దాకా తోస్తూనే ఉంటుంది. మంచి లిథియం బ్యాటరీ లోపల కాపలా సర్క్యూటు ఉంటుంది. ఎక్కువైతే అదే తెంపేస్తుంది. చౌకరకం వాటిలో ఆ కాపలా లేకపోవచ్చు, ఉన్నా పనిచేయకపోవచ్చు. అప్పుడు బ్యాటరీ వేడెక్కి, ఉబ్బి, అంటుకుంటుంది. కాపలా ఉంది కదా అని రోజూ దాని మీదే ఆధారపడటం కూడా తగదు. పొలానికి కంచె ఉందని పశువులను రోజూ అటు తోలుతామా? లిథియం బ్యాటరీ కొన్నచోటే దాని ఛార్జరు కూడా కొనాలి. ఛార్జరు మీద 12.6 వోల్టులని స్పష్టంగా ఉండాలి. ఫాస్ఫేటు రకానికైతే 14.6 అని ఉండాలి. ఈ 14.6 చూసి, సీసానికి దగ్గరే కదా అని రెంటికీ ఒకటే వాడటం కూడా పద్ధతి కాదు. నిండిన తర్వాత ఆ రెండు ఛార్జర్లూ నడుచుకునే తీరు వేరు.

దీనికి తిరగేసిన పొరపాటు నెమ్మదిగా చంపుతుంది. లిథియం కోసం తెచ్చిన 12.6 వోల్టుల ఛార్జరును సీసం బ్యాటరీకి పెడితే మంట రాదు, పొగ రాదు. ఛార్జరు మీద పచ్చలైటు కూడా వెలుగుతుంది. బ్యాటరీ మాత్రం ఎప్పుడూ సగం కడుపుతోనే ఉంటుంది. సగం కడుపుతో ఉన్న సీసం బ్యాటరీ పలకల మీద తెల్లటి గట్టిపొర పేరుకుంటుంది. ఆ పొర ఒకసారి గట్టిపడితే ఏ ఛార్జరూ కరిగించలేదు. నాలుగైదు నెలల్లో బ్యాటరీ తూకానికి అమ్ముకోవలసిందే.

ఇక ఆంపుల లెక్క. ఎన్ని ఆంపులు ఎక్కువైతే అంత మంచిదన్న సూత్రం ఇక్కడ చెల్లదు. సీసం బ్యాటరీకి ఏహెచ్‌లో పదో వంతు నుంచి అయిదో వంతు దాకా ఆంపులు సరైనవి. 8 ఏహెచ్ బ్యాటరీకి ఒక ఆంపు నుంచి 1.7 ఆంపుల దాకా ఇచ్చే ఛార్జరు చాలు. పూర్తిగా దిగిన బ్యాటరీ 1.7 ఆంపులతో ఆరు నుంచి ఎనిమిది గంటల్లో నిండుతుంది. చివరి భాగం నెమ్మదిగా నిండుతుంది, అది దాని స్వభావం. తొందరపడి ట్రాక్టరు బ్యాటరీలకు వాడే పది ఆంపుల ఛార్జరు తగిలిస్తే స్ప్రేయరు బ్యాటరీ ఉడికిపోతుంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తే బ్యాటరీ మితిమీరి కాగుతున్నదని గుర్తు. వెంటనే స్విచ్చు ఆపి, తలుపులు తెరిచి, చల్లారాకే ముట్టుకోవాలి.

మందు కొట్టిన రోజు రాత్రే ఛార్జింగు పెట్టాలి. దిగిన బ్యాటరీని వారాల తరబడి మూల పడేస్తే పైన చెప్పిన తెల్లపొరే పడుతుంది. మందు పని లేని రోజుల్లోనూ సీసం బ్యాటరీని నెలకోసారి నింపాలి. లిథియంకు ఈ బెడద తక్కువ. దాన్ని సగానికి పైగా ఛార్జింగుతో చల్లటి చోట దాస్తే సరిపోతుంది. ఏ రకమైనా సరే, ఛార్జింగు పెట్టేది సిమెంటు నేల మీద, గాలి ఆడేచోట. గడ్డివాము పక్కన, బెల్లం బట్టీ దగ్గర పిప్పి కుప్ప పక్కన, పురుగుమందు డబ్బాలున్న గదిలో పెట్టరాదు. లిథియం అయితే మనుషులు మెలకువగా ఉన్నప్పుడే పెట్టడం మేలు.

ఫోను, టార్చి, కేబులు

ఫోన్ల విషయంలో రోజులు మారాయి. ఒకప్పుడు కంపెనీకో పిన్ను. నోకియా సన్న పిన్ను పొరుగింటికి వెళ్ళి అడిగి తెచ్చుకున్న రోజులు అందరికీ గుర్తే. 2009లో ఐరోపాలో పెద్ద కంపెనీలు మైక్రో యూఎస్‌బీ అనే ఒకే రకం పిన్నుకు ఒప్పుకున్నాయి. 2014లో ఎటు తిప్పినా దూరే టైప్-సి పిన్ను వచ్చింది. ఐరోపా దేశాల్లో 2024 డిసెంబరు 28 నుంచి కొత్తగా అమ్మే ఫోన్లకు టైప్-సి ఉండి తీరాలని చట్టం చేశారు. అంతకు ముందే 2023లో యాపిల్ ఫోను కూడా దానికే మారింది. మన దేశంలోనూ భారత ప్రమాణాల సంస్థ టైప్-సికి ప్రమాణం ప్రకటించింది. ఇప్పుడు ఊళ్ళో ఒకరి ఛార్జరు ఇంకొకరికి పనికొస్తున్నదంటే కారణం ఇదే.

యూఎస్‌బీ ఛార్జర్లన్నీ మొదట 5 వోల్టులే ఇస్తాయి. త్వరగా ఎక్కించే ఛార్జరైతే ఫోనుతో సంప్రదించి, ఫోను సరేనంటేనే 9 వోల్టులకో ఇంకా పైకో వెళ్తుంది. ఫోనుకు ఆ భాష రాకపోతే 5 దగ్గరే ఉండిపోతుంది. అందువల్ల కొడుకు తెచ్చుకున్న 65 వాట్ల ఛార్జరును తండ్రి పాత ఫోనుకు పెడితే పేలిపోతుందన్న భయం అక్కరలేదు. మంచి కంపెనీదై ఉంటే చాలు.

టార్చి లైట్ల దగ్గర ఒక చిత్రం జరుగుతోంది. కొత్త టార్చికి టైప్-సి రంధ్రం ఉంటుంది. కొత్త ఫోను కేబులుకు రెండు కొసలూ టైప్-సియే. పెడితే ఛార్జింగు ఎక్కదు. టార్చి పాడైందని తిరిగి ఇచ్చేస్తారు. టార్చి పాడవలేదు. కొన్ని చౌక వస్తువుల్లో టైప్-సి రంధ్రం పెట్టి, ఛార్జరుకు తన ఉనికి తెలిపే చిన్న భాగాన్ని మిగుల్చుకున్నారు. అటుపక్క వస్తువేదీ లేదనుకుని ఛార్జరు కరెంటు వదలదు. ఒక కొస వెడల్పాటి పాత యూఎస్‌బీ, రెండో కొస టైప్-సి ఉన్న కేబులుతో పాత ఛార్జరుకు పెడితే మామూలుగా ఎక్కుతుంది. బెండు లాంటి బరువైన పాత ఛార్జర్లను పారేయకుండా ఒకటి ఉంచుకోవాలని చెప్పేది అందుకే.

ఛార్జింగు నెమ్మదిగా ఎక్కుతోందంటే ముందు కేబులును అనుమానించాలి. పైన తొడుగు లావుగా ఉన్నా లోపల రాగి వెంట్రుకంత ఉండవచ్చు. మీటరు పొడవున్న అలాంటి సన్న తీగలో 2 ఆంపులు పారితే ముప్పావు వోల్టుకు పైగా తీగలోనే ఆవిరైపోతుంది. బయల్దేరింది 5, చేరింది నాలుగూ చిల్లర. ఫోను ఇక నత్తనడక నడుస్తుంది. అదే లావు రాగి ఉంటే నష్టం మూడో వంతు వోల్టు దాటదు. బోరు నుంచి పొలానికి సన్న గొట్టం వేస్తే నీరు ఎలా తగ్గుతుందో ఇదీ అంతే. పొడవైన కేబులు సౌకర్యమే గాని, లావుది కాకపోతే దండగ.

ట్రాక్టరు సిగరెట్ సాకెట్టులో ఫోను ఛార్జరు వాడేవారు ఇంజను స్టార్టు చేశాకే పెట్టాలి. స్టార్టు చేసే క్షణంలో వోల్టేజి ఎగిరిపడుతుంది. లారీల్లో వాడేదైతే ఛార్జరు మీద 12 నుంచి 24 వోల్టులని ఉండాలి.

విదేశాల నుంచి వచ్చిన వస్తువులు

మన వైపు గల్ఫుకు, అమెరికాకు వెళ్ళినవారున్న ఇళ్ళు చాలా. దుబాయి, కువైటు నుంచి తెచ్చినవాటికి చదరపు పిన్నులుంటాయి. అక్కడి వోల్టేజి మన దానికి దగ్గరే కనుక పిన్ను మార్చే మంచి సాకెట్టు కొంటే సరిపోతుంది. అగ్గిపుల్ల దోపి రెండు పిన్నులు గుచ్చడం వద్దు. అమెరికాది వేరు. అక్కడ ఇంటి కరెంటు 120 వోల్టులు. ఇన్‌పుట్ దగ్గర 120 అని మాత్రమే ఉన్న అడాప్టరు మన 230లో పెట్టగానే పేలుతుంది. 100 నుంచి 240 అని ఉంటే నిర్భయంగా వాడుకోవచ్చు.

సోలారు పలక, ఝట్కా మిషను

12 వోల్టుల సోలారు పలక అని అమ్మేది నిండు ఎండలో, ఏమీ తగిలించనప్పుడు 21, 22 వోల్టులు ఇస్తుంది. దాని తీగలను నేరుగా స్ప్రేయరు బ్యాటరీకి కలిపితే మితిమీరి ఎక్కుతుంది. మధ్యలో ఛార్జ్ కంట్రోలరు ఉండాలి. ఆ కంట్రోలరు మీద కూడా సీసమా, లిథియమా అన్నది ఎంచుకునే బటను ఉంటుంది. కొన్నప్పుడే చూసి పెట్టించుకోవాలి.

ఝట్కా మిషను విషయంలో తప్పు జరిగితే పోయేది బ్యాటరీ కాదు, ప్రాణం. ఆ మిషను 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తూ సుమారు క్షణానికొకసారి, రెప్పపాటు కంటే తక్కువ సేపు, కంచెకు దెబ్బ కొడుతుంది. అందుకే జంతువు అదిరి పారిపోతుందే గాని చావదు. బ్యాటరీ దిగిపోయిందని, మిషను కంచెకు తగిలి ఉండగానే, గోడ ప్లగ్గు నుంచి ఛార్జరు పెట్టడం కొన్నిచోట్ల జరుగుతోంది. నాసిరకం ఛార్జరులో ఇంటి కరెంటుకు, బ్యాటరీ తీగకు మధ్య అడ్డు సరిగా ఉండదు. అది తెగితే 230 వోల్టులు కంచె మీదికి నడిచొస్తాయి. పొద్దున్నే గడ్డికి వచ్చిన ఆడమనిషి, మేకల వెంట వెళ్ళిన పిల్లాడు ఆ తీగ పట్టుకుంటే చెప్పేదేముంది. బ్యాటరీని మిషను నుంచి పూర్తిగా విప్పి, ఇంటికి తెచ్చి ఛార్జింగు పెట్టి, మళ్ళీ తీసుకెళ్ళాలి. మోయలేమనుకుంటే రెండో బ్యాటరీ పెట్టుకోవాలి, లేదా సోలారు పలకతో నడిపే మిషను తీసుకోవాలి. ఇంటి కరెంటును నేరుగా కంచెకు ఇవ్వడం ఎలాగూ నేరమే. పందుల కోసం పెట్టిన తీగకు మనుషులు, పశువులు బలైన వార్తలు రాష్ట్రంలో ఏటా చదువుతూనే ఉన్నాం.

కొనేటప్పుడు

దుకాణానికి పాత ఛార్జరు, బ్యాటరీ రెండూ తీసుకెళ్ళాలి. స్ప్రేయరు మోసుకెళ్ళలేకపోతే బ్యాటరీ మీది అక్షరాలను, రంధ్రాన్ని ఫోనులో ఫొటో తీసుకున్నా చాలు. "స్ప్రేయరు ఛార్జరు ఇయ్యండి" అని అడిగితే చేతికందినది ఇస్తారు. "సీసం బ్యాటరీ, 12 వోల్టులు, 8 ఏహెచ్, గుండ్రటి పిన్ను" అని అడిగితే సరైనది వెతుకుతారు. అనకాపల్లిలో దొరకని పిన్నులు, విడిభాగాలు విశాఖలో డాబాగార్డెన్స్ వైపు ఎలక్ట్రానిక్ దుకాణాల్లో దొరుకుతాయి. 2022లో జిల్లా విడిపోయినా ఈ పనికి మాత్రం అక్కడికి వెళ్ళక తప్పడం లేదు.

ఫోను ఛార్జర్లు, ల్యాప్‌టాప్ అడాప్టర్లు, పవర్ బ్యాంకులు మన దేశంలో అమ్మాలంటే భారత ప్రమాణాల సంస్థ దగ్గర నమోదు తప్పనిసరి. 2012లో కేంద్రం ఈ ఉత్తర్వు తెచ్చింది. తర్వాత మరిన్ని వస్తువులను చేర్చింది. నమోదైన వస్తువు మీద ఇంగ్లీషు ఆర్ అక్షరం, పక్కన ఎనిమిది అంకెల నంబరు ఉంటాయి. బీఐఎస్ కేర్ అనే ఉచిత యాప్‌లో ఆ నంబరు కొడితే ఏ కంపెనీ, ఏ వస్తువు అన్నది కనిపిస్తుంది. నంబరు ఒక కంపెనీది, డబ్బా మీద పేరు ఇంకొకటి అయితే ఆ సరుకు తిరిగి ఇచ్చేయాలి. రోడ్డు పక్కన కుప్పపోసి అమ్మే ఛార్జర్లలో ఈ గుర్తు లేనివే ఎక్కువ. చేత్తో పట్టుకుంటే దూదిలా తేలికగా ఉండేవాటిలో కాపలా భాగాలన్నీ ఎగ్గొట్టి ఉంటారు.

ఊళ్ళో నలుగురు రైతులు కలిసి ఒక మల్టీమీటరు కొనుక్కుంటే ఎంతో ఉపయోగం. ఒకరోజు కూలి డబ్బుకు లోపే మామూలు మీటరు వస్తుంది. ముల్లును డీసీ 20 దగ్గర పెట్టి, ఎర్రతీగను పిన్ను లోపల, నల్లతీగను బయట ఆనిస్తే వోల్టులు కనిపిస్తాయి. అంకె ముందు మైనస్ గుర్తు వస్తే ప్లస్ బయట ఉన్నట్టు. సీసం బ్యాటరీని ఛార్జింగు తీసిన రెండు మూడు గంటల తర్వాత కొలిస్తే 12.6, 12.7 చూపాలి. 12కు దిగితే దాదాపు ఖాళీ. 10.5కు కిందికి పోతే బ్యాటరీ దెబ్బతిన్నట్టే. కొన్ని తెలివైన ఛార్జర్లు బ్యాటరీ తగిలించేదాకా సున్నా చూపిస్తాయి. అది పాడైందని పారేయవద్దు. మీటరును గోడ ప్లగ్గులో పెట్టి ప్రయోగాలు చేయరాదు. ఆ పని ఎలక్ట్రీషియనుది.

చచ్చిన సీసం బ్యాటరీని చెత్తలో వేయకుండా కొత్తది కొనేచోటే ఇస్తే తూకానికి ఖరీదు కట్టి తగ్గిస్తారు. ఉబ్బిన లిథియం బ్యాటరీని మాత్రం విప్పడం, పొడవడం, పొయ్యిలో వేయడం చేయకూడదు. పొడి ఇసుకలో పెట్టి దుకాణానికి అప్పగించాలి. ఇంట్లో ఉన్న ఛార్జర్లన్నిటికీ ఇవాళే తలా ఒక తెల్లకాగితం అంటించి, ఏది దేనిదో తెలుగులో రాసిపెట్టండి. స్ప్రేయరుదైతే బ్యాటరీ రకం కూడా రాయాలి. కాగితం మీద పారదర్శకమైన టేపు వేస్తే మందు చేతులతో ముట్టుకున్నా చెరగదు.